పురుగుల గదిలో కుంపటి

"తలుపు మొత్తం తియ్యకండి టీచరమ్మా, పురుగులన్నీ లేచిపోయి గోడల మీద పాకతన్నాయి."

1984 జనవరి, సోమవారం ఉదయం. ఉక్కు కార్మికుల బస్తీ భుయ్యాడీహ్‌లో, సువర్ణరేఖ నది ఒడ్డున, కూరగాయల సంఘం వాళ్ల పురుగుల గది. గుమ్మంలో సంఘం సెక్రటరీ సూర్యం. అప్పుడే రిక్షా దిగి వచ్చిన మార్తా, ఈ పురుగుల్ని పెంచే బడి టీచరు.

"ఏ పురుగులు?"

"ఇంకేటి పురుగులు, తవరివే. అక్షింతల పురుగులు. ఎర్రటివి, నల్లసుక్కలవి. గోడలు, కప్పు, అంతా అయ్యే."

"పొద్దున్నే హాస్యాలొద్దు సూర్యం. అవి ఐసు మీద నిద్రపోతున్నాయి. పెట్టెలకి మూతలు కట్టి వెళ్లాను."

"మూతలు మీరు కట్టినట్టే ఉన్నాయి. సందుల్లోంచి వచ్చేసినాయి. కాలు కింద సూసుకొని ఎయ్యండి."

"ముందు తలుపు వెయ్యి. ఎగిరిపోతాయి."

"ఏసినాను."

"ఇంత వెచ్చగా ఉందేమిటి ఈ గది?"

"నానూ అదే అనుకున్నాను. బైట సూత్తే పొగమంచు, లోపలికి రాగానే సొక్కా తడిసిపోనాది."

"శనివారం సాయంత్రం ఐసు ఎవరు పెట్టారు?"

"నానే. దిమ్మలు తొట్టిలో దించి, మీద ఊక కప్పి, తాళం ఏసుకొని డ్యూటీకి పోనాను."

"నిన్న?"

"నిన్న ఆదివారం కదా. మీరు చర్చికని టెల్కో కాలనీ పోనారు, నాకు ప్లాంటులో డబల్ డ్యూటీ. ఆదివారం ఐసు ఎట్టే వంతు మా మావ పోలరాజుది. ఆయన దగ్గరా ఒక తాళం చాబీ ఉంది."

"మరి ఐసేది?"

"కరిగిపోయుంటాది."

"కరిగితే తొట్టిలో నీళ్లుండాలి. చెయ్యి పెట్టి చూడు."

"అరె. ఎండిపోయుంది."

"కరగలేదు. ఎవరో తీసేశారు."

"ఎవుడు తీసేత్తాడు టీచరమ్మా? ఐసు దొంగతనమా, జనవరిలో?"

"అదే అడుగుతున్నాను."

"సరే, ఇనండి. లేసినాయి, లేసినాయి. బతికే ఉన్నాయి కదా. సాయంత్రం పొలంలో వదలాల్సినవి పొద్దున్నే లేసినాయి. దీనికింత కంగారేటి?"

"నిద్రలో ఉన్నంతకాలం వాటికి ఆకలి లేదు. అందుకే ఇన్ని వారాలు పెట్టెలో పడుకోబెట్టి కాపాడాం, మన క్యాబేజీకి పేనుబంక పట్టే రోజు కోసం. లేచాక మొదట కావలసింది తిండి. ఇక్కడ తిండేదీ? ఈ మూల చూడు."

"ఏటవి, ముద్దగా... ఒకదాన్నొకటి..."

"తింటున్నాయి."

"సీ."

"మిగిలినవాటిని ఇలా వెచ్చగా ఉన్నప్పుడు తీసుకెళ్లి వదిలితే ఆకు మీద ఆగవు. వెలుతురు కనబడిన వైపు ఎగిరిపోతాయి. చల్లగా, మత్తుగా ఉండగా వదలాలి. సాయంత్రం పూట, తడిపిన ఆకు మీద. నీళ్లు తాగి అక్కడే ముడుచుకుంటాయి. తెల్లారి లేచి బంకని పట్టుకుంటాయి."

"మరిప్పుడు?"

"బతికినవాటిని ఏరి మళ్లీ ఐసు మీద పెట్టాలి. ఆ బ్రష్షు ఇటివ్వు. గట్టిగా ఊడవకు, మెల్లగా పెట్టెలోకి తొయ్యి."

"ఏరినా ఎన్ని మిగులుతాయి? పొలమంతటికీ సరిపోతాయేటి?"

"చూద్దాం."

"సూద్దాం అంటే సంఘం ఒప్పుకోదు. మొన్న అందరి ముందూ మీరే ఒప్పుకున్నారు. సోమవారం సాయంత్రానికి పురుగులు పొలంలో దిగకపోతే మందు కొట్టించేత్తామని."

"గుర్తుంది. నాకు నూకమ్మ కూడా గుర్తుంది."

"ఇప్పుడు నూకమ్మ మాటెందుకు?"

"పోయినేడు ఇదే మందు. పొద్దున్న కొట్టారు. సాయంత్రం ఆవిడ గట్టు పక్క పాలకూర కోసింది."

"తెలుసు. రిక్షాలోకి మోసింది నానే. నా సేతుల్లోనే నురగలు కక్కి పేనం ఇడిసింది. నాకేదో సరదా అయినట్టు మాటాడకండి. పేనుబంక ఆకుని పీల్చేత్తంది. క్యాబేజీ పోతే ఈ ఒడ్డునున్న కుటుంబాలన్నీ ఏటి తింటాయి?"

"నేను కాదనలేదు."

"ఈసారి జాగర్తగా కొడతాం. మూతికి గుడ్డలు కట్టుకుంటాం. పొలంలోకి ఎవుర్నీ రానివ్వం. బలరామ్, ఆడి మనుషులూ పంపులు వీపుకేసుకొని గట్టు మీద కూకున్నారు. మందు కలిపేసి ఉంది."

"కలిపేసి ఉందా?"

"ఆఁ."

"పురుగులు లేచిన సంగతి నువ్విప్పుడే కదా చూశావు. మందు ముందే ఎందుకు కలిపారు?"

"అంటే ఏటి? నామీదా అనుమానం?"

"తాళం పగలలేదు. తాళంచెవులు నీ దగ్గర, నా దగ్గర, మీ మావయ్య దగ్గర. అంతే."

"మందు డ్రమ్ము తెమ్మంది మావ. వారమయింది. 'ఆ టీచరమ్మ ఆటలు సాగవురా, మనం తయారుగా ఉండాల' అన్నాడు. సాయంత్రం దాకా గడువున్నా, తెల్లారే మందు కలిపేసినారు బలరామోళ్లు. నన్నడిగి కలపనేదు."

"మీ మావయ్యకి నా పురుగులంటే పడదు."

"పురుగులంటే కాదు. మీరంటే పడదు."

"నేనేం చేశాను? ఆయన కూతురిని పెళ్లి చేసుకుంది మా తమ్ముడు. నేను కాదు."

"ఆ పేర్లెత్తకండి."

"ఏ పేరు? చిన్నబాబు పేరా, పద్మకుమారి పేరా?"

"రెండూ. మేనమావ కూతురు. నడక రానప్పట్నించీ నాదన్నారు. ఊరంతా అన్నారు. చర్చిలో దండలు మార్చుకొని రూర్కెలా పోనారు. మావ నదిలో మునిగి, బతికున్న కూతురికి నీళ్లొదిలేసినాడు. ఆయనకి తుండుగుడ్డ అందించింది నానే."

"మా అమ్మా తలుపేసుకుంది. ఏడాదైంది నా తమ్ముడి మొహం చూసి. నీ ఒక్కడికే బాధనుకోకు."

"మా ఇంటిలో ఆ పేరెత్తితే నానుండనని సెప్పేసినాను. మా అమ్మకీ, మావకీ ఇద్దరికీ. అక్కడితో అయిపోనాది. ఇప్పుడు పురుగుల సంగతి సూడండి."

"చూస్తున్నాను. ఇక్కడ నేల నల్లగా ఉందేమిటి? గుండ్రంగా?"

"మాడినాది. ఏదో వేడిది ఎట్టినారు."

"కుంపటి."

"ఎవుడో మీ పని సెడగొట్టాలనే ఎట్టినాడు. మందు అమ్మే కొట్టువోడెవడన్నా..."

"వాడికి తాళంచెవి ఎవరిచ్చారు?"

తలుపు మీద దబదబా చప్పుడైంది.

"ఎవరు?"

"నానే. పోలరాజుని. తలుపు తియ్యండి."

"సందు చేసుకుని రండి ప్రెసిడెంటుగారూ. తొందరగా."

"ఏటి గొడవ? గట్టు మీద బలరామ్ ఏటేటో సెప్తన్నాడు."

"మావా, పురుగులు లేసిపోనాయి. సగం సచ్చిపోనాయి."

"సూత్తన్నాను."

"నిన్న మీరు ఐసు పెట్టారా?"

"ఎట్టినాను."

"ఎప్పుడు?"

"ఆదివారం ఎట్టేవేళకే."

"అది ఏ వేళ?"

"ఏటమ్మా, పోలీసులాగ? ఎట్టినాను అన్నాను కదా."

"తొట్టి ఎండిపోయి ఉంది."

"నాను పోయినాక ఎవరో తీసుంటారు."

"తాళం వేసి వెళ్లారా?"

"ఏసినాను."

"మరి తీసినవాళ్లు గోడలోంచి వచ్చారా?"

"నాకేటి తెలుసు? తవరు సదువుకున్నోరు, తవరే కనిపెట్టండి."

"కనిపెడుతున్నాను. శనివారం ఈ నేలంతా ఊకే. ఇప్పుడు ఒక్క పొట్టు లేదు. ఎవరో ఊడ్చి, కడిగారు. గోడ వారన చూడండి, పచ్చటి చార. పసుపునీళ్లు."

"శుభ్రం సేత్తే నేరమా?"

"మావా, నువ్వా కడిగింది?"

"నానెందుకు కడుగుతాన్రా? చీపురు పట్టే మొగమా నాది?"

"కాదు. ఇంటిలో గలాసు కూడా ఎత్తవు."

"పోలరాజుగారూ, సూటిగా అడుగుతాను. ఈ పురుగులు పని చెయ్యకూడదని మీకు మొదటినించీ ఉంది."

"ఉంది. దాపరికమేటి? ముప్పయ్యేళ్లు బట్టీ దగ్గర ఇనుం కరిగించినోణ్ణి. పురుగుని పురుగు తింటాది, మనం సేతులు కట్టుకొని సూద్దాం అంటే నవ్వొత్తంది. మీటింగులోనే నవ్వినాను."

"నవ్వడం వేరు. నిద్రపోయేవాటి పక్కన నిప్పులు పెట్టడం వేరు."

"నాను ఎట్టినానని ఎవురన్నారు?"

"ఎవరూ అనలేదు. అందుకే అడుగుతున్నాను."

"మావా, నిజం సెప్పు. నువ్వే అయితే అయిందని సెప్పేయ్. నానేటి అనను. మందు కొట్టేద్దాం, గొడవ వదిలిపోతాది. బలరామోళ్లు కాసుక్కూకున్నారు."

"మందు వద్దు."

"ఏటి?"

"ఇవాళొద్దు. టీచరమ్మకి సాయంత్రం దాకా టయిం ఇద్దాం. బతికినయ్యి ఏరుకుంటాది, వదులుకుంటాది. మందు సంగతి రేపో ఎల్లుండో సూద్దాం."

"మావా, నీ ఒళ్లు బాగుందా?"

"బానే ఉంది."

"వారం నుంచీ నా పేనం తీసి డ్రమ్ము తెప్పించినావు. మొన్న శనివారం కూడా 'పురుగులు దిగినా దిగకపోనా సోమవారం కొట్టించెయ్యాలిరా' అన్నావు."

"అన్నాను. ఇప్పుడు వద్దంటన్నాను. పెసిడెంటుని నానా, నువ్వా?"

"శనివారానికీ సోమవారానికీ ఏటి మారింది?"

"ఏటీ మారనేదు. ఆడకూతురు కట్టపడి పెంచుకుంది. ఒక్క పూట ఇత్తే ఏటిపోతాది?"

"నా కోసమా, పోలరాజుగారూ?"

"నీ కోసమనే అనుకో."

"ఏడాదిగా నేనెదురైతే మీరు వీధి మారిపోతారు."

"అనుకోకపోతే మానెయ్."

"కదలకండి."

"ఏటి?"

"మీ దుప్పటి. భుజం దగ్గర మడత. కదలకండి, నలిగిపోతుంది. ఇదిగో."

"పురుగు. అయితే ఏటి? ఇప్పుడే ఇక్కడ ఎక్కుంటాది."

"ఇప్పుడెక్కింది మీద పాకుతూ ఉంటుంది. ఇది మడత లోపలికంటా దూరి, కాళ్లు ముడుచుకుని పడుకుంది. చలి తగలగానే అవి చేసే పని అదే, మడతలు వెతుక్కుని దూరడం. ఈ దుప్పటి ఈ గదిలో చాలాసేపు ఉంది. తర్వాత చలిలోకి వెళ్లింది. అదీ ఇవాళ కాదు."

"దుప్పట్లో ఒక్క పురుగుని సూసి ఏటైనా అంటావు నువ్వు."

"ఈ దుప్పటికి ఒక వాసన కూడా ఉంది. గదిలోకి వచ్చినప్పట్నించీ అదే వాసన. సాంబ్రాణి కాదు. ఘాటుగా ఉంది. ఏమిటిది?"

"బీడీ."

"బీడీ కాదు మావా. నాకు తెలుసు ఈ కంపు. వాము పొగ."

"నువ్వు నోరుముయ్యిరా."

"అబద్ధమా? మా అక్క పురిటికొచ్చినప్పుడు మా అమ్మ ఇదే ఎయ్యనేదా? కుంపట్లో వాము, ఎల్లుల్లి తొక్కలు ఏసి తల్లికీ పిల్లకీ పొగెట్టేది. నెల్లాళ్లు నాను అన్నం తింటే వాము తిన్నట్టుండేది."

"సూర్యం, ఏమన్నావు? ఎవరికి పెడతారు?"

"బాలింతకి. పసిపిల్లకి."

"గాలి రాని గదిలో?"

"మరి? తలుపులు బిగించేసి. గాలి తగిలితే ఒప్పుకోరు మా అమ్మోళ్లు."

"కుంపటి పెట్టి. పసుపునీళ్లతో నేల కడిగి."

"పురుడయినాక కడుగుతారు, అవును... టీచరమ్మా, మీరేటంటన్నారు?"

"ఇక్కడ ఎవరూ నా పని చెడగొట్టడానికి రాలేదంటున్నాను. ఈ గదిలో ఎవరికో పురుడు పోశారు."

"పిచ్చి మాటలు."

"మందమైన గోడలు. కిటికీ లేదు. 'లోపలికి రాకూడదు' అని బోర్డు నేనే పెట్టాను. తాళంచెవి ఉంటే చాలు, ఇంతకన్నా దాపు ఈ ఒడ్డున ఎక్కడ దొరుకుతుంది?"

"ఒసే, పెళ్లి కూడా కానిదానివి, పురుడూ పుణ్యం నీకేటి తెలుసు?"

"నాకు తెలీదు. మీ మేనల్లుడికి తెలుసు. ఎవరావిడ?"

"మావా? ఏటిది? ఈ వయసులో ఎవుర్నన్నా ఎట్టుకున్నావేటి?"

"ఒరే సూరిగా, పళ్లు రాలగొడతాను."

"మరి సెప్పు. లేపోతే బస్తీ అంతా ఇదే అనుకుంటాది."

"అనుకోనీ."

"అనుకోనీ అంటే సరిపోదు పోలరాజుగారూ. ఆవిడిప్పుడెక్కడుంది? పసిపిల్లతో ఈ చలిలో ఎక్కడికి పంపారు?"

"నానెరగను. నానేటీ ఎరగను."

"సరే. బస్, ఇంక సాలు. నాకీ గొడవొద్దు. ఎవుర్తి పురుడో, ఎవుడి పాపమో మీరూ మీరూ తేల్చుకోండి. పంట నాకు కావాల. నాను పోతన్నాను."

"ఎక్కడికిరా?"

"గట్టు మీదకి. ఇవాళే కొట్టిత్తాను. సంఘం మాట సంఘం మాటే."

ముగ్గురూ గట్టు మీదికొచ్చారు. మంచు విడుతోంది. దూరంగా, క్యాబేజీ మళ్ల చివర, ఇంజను షెడ్డు పక్కన బలరామ్ మనుషులు పంపులు వీపున వేసుకుని నిలబడి ఉన్నారు.

"ఆళ్లు అక్కడికెందుకు పోనారు?"

"గాలి ఇటు నుంచి అటు కదా మావా. కొట్టిన మందు ఎనక్కి పోవాల, లేపోతే మనిషి దాంట్లోకే నడవాల. షెడ్డు దగ్గర మొదలెట్టి ఇటొత్తారు. నా తుండుగుడ్డ ఊపగానే."

"వంతెన వైపు నుంచి మొదలెట్టమను."

"సెప్పినాను కదా, గాలి."

"గాలి తగ్గినాక కొట్టండి. మద్దేనం."

"మద్దేనం ఎండకి మందు పని సెయ్యదు. నువ్వే నేర్పినావు నాకు."

"షెడ్డు పక్కన కొట్టొద్దురా. ఇంజను... ఇంజను పాడైపోతాది."

"ఆ ఇంజనా? నీళ్లు తోడమంటే దగ్గుతాది. దానికి మందు పడితే ఏటి, గంగ పడితే ఏటి?"

"సూర్యం, ఆ షెడ్డుకి తాళం ఎప్పుడు వేశారు?"

"తాళమేటి, దానికి గొళ్ళెమే సరిగా నేదు... ఉండండి. ఉంది. కొత్త తాళం."

"నానే ఏసినాను. దొంగలు తిరగతన్నారు."

"ఇంజను ఎత్తుకుపోడానికా? నలుగురు మొయ్యాల దాన్ని."

"ఏసినాను. నా ఇష్టం."

"పోలరాజుగారూ, ఆ రేకుల సందులోంచి పొగ వస్తోంది."

"మంచు."

"మంచు లేదు. విడిపోయింది. సూర్యం, ఆ గుడ్డ జేబులో పెట్టు."

"ఎందుకు ఎట్టాల? ఇద్దరూ ఒకటైపోనారేటి?"

"షెడ్డులో మనుషులున్నారు."

"ఎవరు?"

"నాకు తెలీదు. ఆయనకి తెలుసు."

"మావా, ఎవరున్నారు?"

సూర్యం తుండుగుడ్డ పైకెత్తాడు.

"నీ నోటితో సెప్పు. సెప్పకపోతే ఊపేత్తాను. నాకు ఎవురి మీదా జాలి నేదు. ఏడాది నుంచీ నేదు."

"సూరీ, దించరా బాబూ."

"పేరు సెప్పు, దించుతాను."

"ఆ పేరు ఎత్తొద్దని నువ్వే కదరా అన్నావు."

"సూర్యం. సూర్యం, చెయ్యి దించు. పోలరాజుగారూ, పద్మకుమారి రూర్కెలాలో కదా ఉంది?"

"శనివారం దాకా."

"మా చిన్నబాబు?"

"ఆడికి సెలవు ఇవ్వనేదట. ఇది ఒంటరిగా బండెక్కేసింది."

"మావా, మా అమ్మ బాగ్‌బేరాలో మా పిన్నింటికి పోనాదని నువ్వే సెప్పినావు. శనివారం రాత్రి. ఎక్కడుంది మా అమ్మ?"

"ఆ షెడ్డులోనే ఉందిరా. పొద్దున్నే మీరొత్తారని నిన్న రాత్రి గది కడిగేసి అక్కడికి మారినారు. పురుడు పోసింది మీ అమ్మే."

"మా అమ్మా?"

"సన్యాసమ్మే. తప్పయితే నన్ను కొట్టు, దాన్నేటీ అనకు."

"సూర్యం. గుడ్డ."

"దించినాను టీచరమ్మా. దించినాను... ఓ బలరామ్. రుక్ జా. పంపులు దింపెయ్యండి. అరె, దింపెయ్యమంటే. డ్రమ్ముకి మూతెయ్యండి. షెడ్డు దగ్గర ఎవుడూ ఉండొద్దు, ఇటొచ్చెయ్యండి."

"పిల్లా, పిల్లాడా?"

"పిల్ల."

"బతికుందా?"

"ఉంది."

"ఆసుపత్రికి ఎందుకు తీసుకెళ్లలేదు? నాకెందుకు కబురు చెయ్యలేదు? నా తమ్ముడి బిడ్డ. టెల్కో నుంచి పరిగెత్తుకొచ్చేదాన్ని. ఆ రేకుల షెడ్డులో, ఈ చలిలో... మీరు నన్ను చూసి వీధి మారిపోయినా సరే, వచ్చేదాన్ని. ఇన్ని అబద్ధాలెందుకు?"

"సెప్తాను. ఇద్దరూ ఇనండి, మళ్లీ సెప్పనేను. తొలికాన్పు పుట్టింటిలోనే అవ్వాలని ఎవురు పెట్టినారో, ఆ మాట పట్టుకొని వచ్చింది నా కూతురు. నీళ్లొదిలేసిన తండ్రింటికి. టేసన్లో దిగినప్పటికే నొప్పులు. గుమ్మం పట్టుకొని నిలబడి 'నాన్నా, లోపలికి రానా' అంది. ఒరే సూరీ, నువ్వు డ్యూటీకి పోనావు, నీ మంచం కాళీయే. అయినా నీ ఒట్టు ఉంది, నా ఒట్టు ఉంది, నలుగురి ముందూ నదిలో మునిగిన మునక ఉంది. గుమ్మానికి అడ్డంగా నిలబడిపోనాను. మీ అమ్మ నన్ను తోసేసి దాన్ని పట్టుకుంది. 'ఇంటిలోకి వద్దంటే ఇంకెక్కడ?' అంది. నా మొలలో ఈ గది చాబీ తగిలింది. పిల్ల నెల తక్కువది టీచరమ్మా. పుట్టినాక ఏడవనేదు. సల్లగా ఉంది, ఏలు ముట్టుకుంటే కదలనేదు. పక్కన నీ పెట్టెల్లో నీ పురుగులూ అలాగే ఉన్నాయి. సచ్చినయ్యో పడుకున్నయ్యో నాకెలా తెలుస్తాది? నీ ఐసు కాలవలో పారబోసినాను. బట్టీవోణ్ణి కదా, నిప్పు ఎలా రాజెయ్యాలో తెలుసు. ఆ గది ఎర్రగా కాసినాను. పిల్ల ఏడిసింది. అప్పుడే పెట్టెలు గరగరమన్నాయి. ఆ సప్పుడు ఏటో నాకు తెలుసు. తెలిసి తెలిసి ఇంకో గంపెడు బొగ్గులు ఏసినాను. నీ పురుగుల్ని సంపింది నానే టీచరమ్మా. పంట పోనా, నూకమ్మ మందు మళ్లీ దిగినా, ఆ బొగ్గులు తియ్యనేను. నా ఇంటి తలుపు తియ్యనేకపోనాను, నీ తలుపు తీసినాను."